కాగితం ఎవరిదో వాళ్లకి

(నరసాపురంలో జరిగిన సంస్మరణ సభలో, ప్లీడరు గారి దగ్గర గుమస్తాగా పనిచేసిన వ్యక్తి ప్రసంగ పాఠం)

అధ్యక్షులకి, బార్ సభ్యులకి, కోర్టు సిబ్బందికి, ముందు వరసలో కూర్చున్న ప్లీడరు గారి ఇల్లాలు అమ్మగారికి నమస్కారం. సఖినేటిపల్లి నుంచి, అంతర్వేది నుంచి పొద్దున్నే గోదావరి దాటించే పంటు పడవెక్కి వచ్చినవాళ్లు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, దయచేసి వచ్చి కూర్చోండి. ప్లీడరు గారుంటే మీరు కూర్చునేదాకా ఎవర్నీ నోరెత్తనిచ్చేవారు కాదు.

మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. కోర్టు హాల్లో గుమస్తా మాట్లాడడు. వెనక నిలబడి, అడిగిన కాగితం అడిగిన క్షణంలో అందిస్తాడు. 1978లో టైపు లోయరు పాసై, పంతొమ్మిదేళ్ల వయసులో ఆయన దగ్గర చేరాను. 2009లో ఆయన ప్రాక్టీసు మానేసి నల్లకోటు మేకుకి తగిలించేదాకా 31 ఏళ్లు ఆయన వెనకే ఉన్నాను. ఆ తర్వాత కూడా పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లకపోతే నాకు రోజు మొదలైనట్టు ఉండేది కాదు. ఇన్నేళ్లలో ఆయన పేరు నా నోట ఒక్కసారి కూడా రాలేదు. ప్లీడరు గారు అనేవాణ్ణి. ఇవాళ కూడా అలాగే అంటాను, పెద్దలు ఏమీ అనుకోవద్దు.

నిజానికి ఆయన బోర్డు మీద అడ్వకేట్ అనే ఉండేది. 1961లో అడ్వకేట్స్ చట్టం వచ్చాక అందరూ అడ్వకేట్లే. ఆయన ఎన్‌రోల్ అయింది ఆ తర్వాతే. కానీ ఊరు పాత మాట వదల్లేదు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పనిచేసి, తర్వాత ఇంగ్లండు వెళ్లి బారిష్టరై వచ్చారని ఆయన చాలా ఇష్టంగా చెప్పేవారు. చెప్పి, "ప్లీడరంటే చిన్న మాటేం కాదోయ్" అనేవారు.

ఆయన గెలిచిన కేసుల గురించి ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నాకు తెలిసింది కాగితం. ఆయన కాగితాన్ని ఎలా చూసేవారో, అది ఎవరిదనుకునేవారో, అదొక్కటే చెబుతాను.

నేను చేరిన మొదటి వారం. గోదావరి లంకలో నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పొలానికి నీళ్లొచ్చే పంట బోదెని పక్కచేను వాళ్లు పూడ్చేశారని దావా. ప్లీడరు గారు డిక్టేషన్ ఇచ్చారు, నేను నాలుగు కార్బన్లు పెట్టి రాత్రి టైపు చేశాను. తెల్లారి పెద్దాయన రాగానే స్టాంపు ప్యాడ్ తీసి, ఆయన బొటనవేలు పట్టుకుని ఇంకు మీద పెట్టబోయాను. నా చెయ్యి మీద ప్లీడరు గారి చెయ్యి పడింది.

"చదివావా?"

"నేనే టైపు చేశాను కదండీ."

"నువ్వు కాదు. ఆయనకి చదివి వినిపించావా?"

ప్లెయింటు, అంటే దావా కాగితం, అంతా ఇంగ్లీషులో ఉంది. నాకేం అనాలో తెలియలేదు. ప్లీడరు గారు ఆ కాగితాలు తీసుకుని, పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పేరా పేరా తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. పుస్తకాల తెలుగు కాదు. ఆ పెద్దాయన గట్టు మీద కూర్చుని పక్కవాడికి తన గోడు ఎలా చెప్పుకుంటాడో ఆ తెలుగు. వాది అనలేదు, "నువ్వు" అన్నారు. పొలం హద్దులు రాసే షెడ్యూలు దాకా వచ్చారు. తూర్పు హద్దు బోదె అని చదివారు. అంతసేపూ తలూపుతున్న పెద్దాయన ఆగి, "కాదండి బాబూ, బోదె నాకు పడమటేపండి. తూర్పున కాలవ గట్టండి" అన్నాడు.

ఆ తప్పు నాది. డిక్టేషన్‌లో ఒక లైను దాటేశాను. అలాగే వేసుంటే రేపు అవతలి ప్లీడరు లేచి, నీ పొలానికి హద్దే తెలియదు, నీకు బోదె ఎక్కడిదయ్యా అనేవాడు. మొత్తం మళ్లీ టైపు చేశాను. ప్లీడరు గారు నన్నొక్క మాట అనలేదు. పెద్దాయన వెళ్లాక మాత్రం, "ఆ కాగితం నాది కాదు, నీది కాదు. కింద ఎవరి వేలు పడుతుందో వాళ్లది. అందులో ఏముందో ముందు వాళ్లకి తెలియాలి" అన్నారు.

ఆ రోజు నుంచి 31 ఏళ్లలో ఆ గదిలోంచి చదివి వినిపించకుండా ఒక్క కాగితం బయటికి వెళ్లలేదు. వకాల్తాతో సహా. జూనియర్లకి ఇది కష్టంగా ఉండేది. బయట బెంచీ మీద పదిమంది ఉంటారు, పదిన్నరకి కోర్టు, ఈయన లోపల ఒక అఫిడవిట్టు పట్టుకుని అరగంట చదువుతుంటారు. "మీరున్నారు కదండీ, నేను సంతకం పెట్టేస్తాను" అని ఎవరైనా అన్నారో, ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది. గొంతు వీధిలోకి వినబడేది. ఆ కోపం నాకు చాలాకాలం అర్థం కాలేదు.

సాక్షి వాంగ్మూలం కాగితం చివర ఆర్.ఓ.ఏ.సి. అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. చదివి వినిపించగా సరైనదేనని ఒప్పుకున్నాడు అని దానర్థం. ఇక్కడున్న వకీళ్లకి కొత్త కాదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. పని ఒత్తిడిలో ఆ నాలుగక్షరాలు అలవాటుగా పడిపోతుంటాయి. ఆయన సాక్షి ఉంటే మాత్రం లేచి నిలబడి, "దయచేసి మా సాక్షికి ఒకసారి వినిపించమని మనవి" అనేవారు. ఎంతో మర్యాదగా అనేవారు. ఏ జడ్జి గారూ కాదనగా నేను చూడలేదు.

ఆ కోపానికి కారణం ఆయనే ఒకసారి చెప్పారు, పంటు మీద వెళ్తుండగా. నేను చేరకముందు, ఆయన ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో జరిగింది. మన నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్లు ఇంటింటికీ ఉండేవారు, ఇప్పటికీ ఉన్నారు. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, అల్లిన ముక్క తూచి తీసుకుంటాడు, ముక్కకింతని ఇస్తాడు. అలాంటి ఒకావిడ కూతురి పురిటికని వడ్డీ వ్యాపారి దగ్గర నూటయాభై తెచ్చుకుంది. రెవెన్యూ స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసిచ్చింది. మూడో ఏడు నిండబోతుంటే అతను దాన్ని వెయ్యి రూపాయల ప్రోనోటుగా నింపి దావా వేశాడు.

ప్లీడరు గారు ఆవిడ తరఫున నిలబడ్డారు. ఆవిడ బోనులోకి వచ్చింది. "వేలిముద్ర నీదేనా?" అని అడిగారు. "నాదేనండి" అంది. కేసు అక్కడితో అయిపోయింది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 20వ సెక్షన్ ఉంది. స్టాంపు వేసిన ఖాళీ కాగితం మీద సంతకం చేసిచ్చారంటే, ఆ స్టాంపుకి సరిపోయినంత మొత్తం నింపుకోమని అవతలివాడికి అధికారం ఇచ్చినట్టే. 118వ సెక్షన్ ఉంది. ప్రోనోటు ఉందంటే డబ్బు ముట్టిందనే కోర్టు అనుకోవాలి, ముట్టలేదని రుజువు చేసుకోవాల్సింది నోటు రాసిచ్చినవాళ్లే. ఆవిడ దగ్గర రుజువేముంటుంది? అబద్ధం చెప్పడం రానితనం తప్ప. డిక్రీ అయింది.

తర్వాత డిక్రీ అమలుచేసే కోర్టు అమీనా జప్తుకి వచ్చాడు. ప్లీడరు గారికి కబురొచ్చింది. సైకిలు మీద వెళ్లేసరికి ఇత్తడి గిన్నెలు, నులక మంచం గుమ్మం బయట పెట్టి ఉన్నాయట. ఆవిడ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోందట, తలెత్తకుండా. ప్లీడరు గారు సివిల్ ప్రొసీజర్ కోడ్ పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లారు. ఆ గుమ్మంలో నిలబడి 60వ సెక్షన్ తీసి, తెలుగులో, వీధంతా వినేట్టు చదివారు. కట్టుబట్టలు, వంట పాత్రలు, పడుకునే మంచం, పక్కబట్టలు, చేతిపనివాళ్ల పనిముట్లు జప్తు చేయకూడదు. అమీనా మంచివాడే. గిన్నెలు తనే ఎత్తి లోపల పెట్టాడట.

అవతలి వకీలుతో మాట్లాడి, నెలకింతని కట్టేట్టు ఒప్పించారు. ఏళ్లు పట్టింది. మొత్తం తీరాక, బాకీ పూర్తిగా చెల్లిందని కోర్టులో రికార్డు చేయించి, ఆ ఉత్తర్వు నకలు తీసి, ఆవిడ చేతిలో పెట్టి, చదివి వినిపించారు. ఆవిడ దాన్ని మడతపెట్టి దారపుండలు పెట్టుకునే రేకు డబ్బాలో అడుగున పెట్టుకుంది.

"గుమ్మంలో వీధంతా వినేట్టు చదివాను. ఆ చదివేదేదో ఆవిడ వేలు వేసేముందు ఒక్కరు చదివుంటే సరిపోయేదోయ్" అన్నారు నాతో. పంటు అవతలి రేవుకి చేరింది. ఆయన దిగేదాకా ఇంకేం మాట్లాడలేదు.

1986 ఆగస్టు వరద ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది. లంకలన్నీ మునిగాయి, ఏటిగట్లు తెగాయి. జనం పిల్లల్నీ గొడ్లనీ పట్టుకుని గట్లెక్కారు. నీళ్లు తీశాక, మా ఆఫీసు గదికి ట్రంకు పెట్టెలు రావడం మొదలైంది. మూత తీస్తే బురద వాసన. దస్తావేజులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా ఉండేవి.

ప్లీడరు గారు కోర్టు పని జూనియర్లకి అప్పజెప్పి నాలుగు రోజులు ఆ ముద్దల ముందు కూర్చున్నారు. ఎండలో పెట్టొద్దన్నారు, కాగితం బిరుసెక్కి విరిగిపోతుందని. వెదురు పుల్లని నునుపుగా చెక్కించి, దాంతో ఒక్కో పొరా విడదీసేవారు. నేను పాత న్యూస్ పేపర్లు పరిచి అందుకునేవాణ్ణి. కరెంటు లేదు. అమ్మగారు, మా ఆవిడ, ఎదురింటి పిల్లలు తాటాకు విసనకర్రలతో విసురుతూ కూర్చున్నారు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్లు కట్టాం. ఎవరి కాగితాలు ఏ తాడు మీదున్నాయో చీటీ రాసి కట్టడం నా పని.

రిజిస్టరైన దస్తావేజు పాడైనా భయం లేదు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది. ఆ మాట ఆయన వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందే చెప్పేవారు, వాళ్ల గుండె కుదుటపడాలని. ప్రోనోటుకి ఆ వీలు లేదు. అది పోతే పోయినట్టే. ఒకాయన పెట్టెలో ప్రోనోటు ఒకటుంది, ఇంకు పెన్సిలుతో రాసింది. విడదీసి పరిచాక చూస్తే రాతంతా కరిగి ఊదారంగు మరకైపోయింది. పేరు లేదు, అంకె లేదు. స్టాంపు మీద వేలిముద్ర మాత్రం గీతలతో సహా నిలిచుంది. ఆ ముద్ర వేసినాయన కూడా అదే ఏటిగట్టు మీద తలదాచుకున్నాడు.

ప్లీడరు గారు ఆయన్ని పిలిపించారు. ఆ మరక చూపించారు. "ఇది కోర్టులో నిలవదు. ఆ సంగతి మీ ఇద్దరికీ చెబుతున్నాను. ఇక మీ ఇష్టం" అన్నారు. ఆయన చాలాసేపు ఆ వేలిముద్ర వంక చూశాడు. ఇల్లు పోయింది ఆయనకి, రెండు గేదెలు కొట్టుకుపోయాయి. "కొత్తది రాయించండి బాబూ, నేను తీసుకున్నది నాకు తెలుసు కదా" అన్నాడు. నేనే రాశాను, పెన్నుతో. ప్లీడరు గారు ఇద్దరికీ చదివి వినిపించారు. అప్పిచ్చినాయన మధ్యలో ఆపి, "వడ్డీ మాట తీసేయండి" అన్నాడు. ఆ లైను కొట్టేసి ఇద్దరిచేతా పక్కన వేలిముద్రలు వేయించాను. ఆ ఇద్దరిలో ఒకరి మనవడు ఈ సభలో ఉన్నాడు. చెయ్యెత్తక్కర్లేదు బాబూ, నాకు తెలుసు.

ఇక తుఫాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి చెట్టన్నది నిలవలేదు. తర్వాత కొన్ని నెలలపాటు మా దగ్గరికొచ్చినవన్నీ హద్దు తగాదాలే. ఎందుకంటే అక్కడ హద్దంటే రాయి కాదు, కొబ్బరి వరస. వరస పడిపోతే హద్దు పోయినట్టే. ఏరు దాటి ఒక దాయాదుల కేసు వచ్చింది. అన్నదమ్ముల పిల్లలు. మధ్యలో ఉన్న ఇరవై ఒక్క చెట్లూ పడిపోయాయి. ఒకరు దుంగలు నావంటారు, రెండోవాళ్లు కంచె రెండు గజాలు జరిపి పాతారు. మావాళ్లకి వెంటనే ఇంజక్షన్, అంటే అవతలివాళ్లని ఆపే కోర్టు ఉత్తర్వు, కావాలి.

"చూడకుండా వేయను" అన్నారు ప్లీడరు గారు. అవతలివాళ్లకి అప్పటికే వేరే వకీలు గారున్నారు. ఆయన లేకుండా వాళ్లతో మాట్లాడటం పద్ధతి కాదని, ఆయన ఇంటికి తనే వెళ్లి, "ఆదివారం ఖాళీయేనా, కలిసెళ్దాం" అని అడిగారు. ఇద్దరు వకీళ్లూ, నేనూ ఒకే పంటెక్కాం. పక్కపక్కనే నిలబడి కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిన వాది వకీల్నీ ప్రతివాది వకీల్నీ చూసి రేవులో జనం ఆశ్చర్యపోయారు.

తోటలోకి వెళ్లాం. దుంగలు కోసి తీసుకెళ్లారు గానీ మొదళ్లు భూమిలోనే ఉన్నాయి. ప్లీడరు గారు చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి, మొదటి మొదలు దగ్గర తాడు ఒక కొస పట్టుకున్నారు. రెండో కొస నేను చివరి మొదలు దగ్గరికి లాక్కెళ్లాను. మధ్యలో మొదళ్లన్నీ తాడు కిందకి వచ్చాయి, జానెడు అటూ ఇటూగా. అప్పుడు తాతల నాటి పంపకాల దస్తావేజు బయటికి తీసి, రెండిళ్ల మగవాళ్లనీ ఆడవాళ్లనీ పిలిపించి చదివారు. "ఉభయులమూ కలిసి నాటించిన కొబ్బరి మొక్కల వరస" అని ఉంది హద్దు దగ్గర. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి ఒక ముసలమ్మగారు, "నీళ్లు పోసింది నేనూ మా తోడికోడలూనండి" అంది. ఆ తోడికోడలు కంచెకి అవతల నిలబడి ఉంది.

ఆ కేసు వేయలేదు. దుంగలు సగం సగం పంచుకున్నారు. తాడు తీయకుండానే అక్కడ కొత్త మొక్కలకి గోతులు తవ్వించారు. తిరుగు పంటులో ఆ వకీలు గారు, "మీవల్ల ఇద్దరం ఫీజు పోగొట్టుకున్నాం" అన్నారు. మా ప్లీడరు గారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు.

ఫీజు మాటొచ్చింది కాబట్టి అమ్మగారి గురించి చెప్పాలి. చెప్పకపోతే ఈ సభ సగమే అవుతుంది. ఇలా వేయని కేసులకి ఫీజుండదు. వచ్చేది అరటి గెలో, బొండాల గెలో. పిల్లల చదువులు, ఇంటి అద్దె, నా జీతం వాటితో గడవవు. నా జీతం ఒకటో తారీకు దాటి ఒక్క నెల ఆలస్యం కాలేదు. 1990ల్లో ఒక ఏడాది అమ్మగారి చేతికి గాజులు కనబడలేదు, మట్టి గాజులే ఉన్నాయి. ఎందుకో నాకు అప్పుడు తెలియదు, తర్వాత తెలిసింది. అమ్మగారూ, ఇది ఇక్కడ చెప్పినందుకు క్షమించండి. ఆయన మంచితనాన్ని ఊరు పొగిడింది. దాని ఖర్చు మీరు పెట్టారు. ఈ మాట నేను ఎప్పుడో చెప్పి ఉండాల్సింది.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద రైతు కక్షిదారు మా చెయ్యి జారిపోయాడు. హక్కు విడుదల దస్తావేజు రాయించాలని చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. ఈవిడకి ఆ తర్వాతే పెళ్లయింది. అన్నగారు బయట కారు దగ్గర నిలబడ్డాడు, ఈవిడ పెన్ను తీసింది. ప్లీడరు గారు పెన్ను పక్కన పెట్టించి చదవడం మొదలుపెట్టారు. ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నెంబర్లు, అందులో ఆవిడ వాటా ఎంత, దాన్ని వదులుకుంటే తిరిగి రాదని. ఆవిడ, "ఇన్ని ఎకరాలున్నాయని నాకు తెలియదండీ" అంది. ఆ రోజు సంతకం పెట్టలేదు. ఇంటికెళ్లి ఆలోచించుకుంటానంది. అన్నగారు మెట్ల మీద నుంచి అరిచి వెళ్లిపోయాడు, తన కట్టలన్నీ వెనక్కి పట్టుకెళ్లాడు. 2005లో కేంద్రం చట్టం మార్చి, పెళ్లితో సంబంధం లేకుండా ఆడపిల్లలందరికీ ఆ హక్కు ఇచ్చినప్పుడు, ప్లీడరు గారు ఆ పేపరు కటింగు తీసి టేబులు అద్దం కింద పెట్టుకున్నారు.

ప్రాక్టీసు మానేశాక ఆయనకి తీరికేం దొరకలేదు. కౌలు రైతులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం 2011లో వచ్చింది. మన డెల్టాలో సార్వా, దాళ్వా రెండు పంటలూ పండించేది చాలావరకు కౌలు రైతే. కాగితం లేనిది కూడా ఆయనకే. కాగితం లేకపోతే బ్యాంకులో అప్పు లేదు, పంట పోతే పరిహారం లేదు. ప్లీడరు గారు అరుగు మీద కుర్చీ వేసుకుని, ఆ దరఖాస్తు ఒక్కొక్కరికీ చదివి నింపించారు. ఎంతోమందికి భూమి యజమాని ఒప్పుకోక కార్డు రాలేదు. దానికి ఆయన బాధపడ్డారు. ఆ యజమానుల్లో కొందరు తన పాత కక్షిదారులే. వాళ్ల ఇళ్లకి కూడా వెళ్లి మాట్లాడారు, కొందరు కుర్చీ వేశారు, కొందరు వేయలేదు.

ఇక చివరిది. నేను ఇక్కడికి వచ్చింది అసలు దీనికోసమే.

ఆఫీసు మూసేసిన రోజున బీరువాలు తీసి చూస్తే, అయిపోయిన కేసుల కట్టలు వందల్లో ఉన్నాయి. వాటిలో అసలు దస్తావేజులున్నాయి. కేసు అయ్యాక కోర్టు నుంచి తీసుకుని, కక్షిదారులు రాక అలాగే ఉండిపోయినవి. "వాళ్ల కాగితాలు మన బీరువాలో ఎందుకున్నాయోయ్?" అన్నారు. అప్పటినుంచి నేను సైకిలు మీద, బస్సులో, పంటు మీద ఊరూరా తిరిగి ఇచ్చొచ్చాను. పోయినవాళ్లుంటే పిల్లలకిచ్చాను. ఇచ్చేముందు చదివి వినిపించమని ఆయన ఆజ్ఞ. ఒకావిడ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి పన్నెండేళ్లకి వచ్చింది. ఆవిడ వచ్చిందని తెలిసి వాళ్ల నాన్న ఇంటిస్థలం దస్తావేజు పట్టుకెళ్లాను. స్థలం ఉన్న సంగతే ఆవిడకి తెలియదు. చివరి రెండేళ్లూ ప్లీడరు గారికి చూపు ఆనలేదు. సాయంత్రం నేను రాగానే, "ఇవాళ ఎన్ని?" అనేవారు. ఒకటండీ అంటే, "ఎవరిది?" అనేవారు. పేరు చెబితే ఆ కేసు నెంబరు, అవతలి వకీలు పేరు, ఆ కక్షిదారుకి ఎంతమంది పిల్లలో చెప్పేవారు.

ఇంకా పద్నాలుగు కట్టలున్నాయి. ఆ మనుషులెక్కడున్నారో నేను కనుక్కోలేకపోయాను. ఒక దాంట్లో అంతర్వేది వైపు ఎనభై సెంట్ల తోట కొనుగోలు దస్తావేజు ఉంది, కొన్నది ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఇంకోదాంట్లో మొగల్తూరు వైపు ఒక పాత వీలునామా ఉంది, దాంతోపాటు ఒక చిన్నపిల్లాడి ఫొటో, వెనక ఏమీ రాసి లేదు. మరోదాంట్లో పాలకొల్లు ఇంటి తనఖా పత్రం, తీరిపోయినట్టు వెనక చెల్లు రాసుంది. ఆ ఇంటివాళ్లకి అది తీరిందని తెలుసో లేదో.

పేర్లు ఇలా మైకులో చదవడం మర్యాద కాదు. పద్నాలుగు పేర్లూ రాసిన కాగితం నా జేబులో ఉంది. సభ అయ్యాక గుమ్మం దగ్గర నిలబడతాను. ఏ ఊరివాళ్లైనా సరే, ఒక్కసారి వచ్చి చూడండి. మీ పాలివాళ్లో, మీ వీధివాళ్లో, చిన్నప్పుడు మీ ఊళ్లో ఉండి వెళ్లిపోయినవాళ్లో అయ్యుండొచ్చు. రేపట్నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి అమ్మగారి అనుమతితో ఆ అరుగు మీదే ఉంటాను. ఎవరొచ్చినా చదివి వినిపించి ఇస్తాను. నమస్కారం.